ఒక్క మనిషి ఎత్తగల ఇల్లు

చచ్చేవాడికి ముప్పై ఏళ్ళు మన్నే ఇల్లెందుకని లవాన్ తన మొగుణ్ణి అడగలేదు. అడిగితే ఊరుకునే ఘటం కాదు. ఆర్విన్ హాగ్‌స్టాడ్ ఒకటి అనుకున్నాడంటే పైనున్న దేవుడు దిగొచ్చి వద్దన్నా వినడు, దేవుడి తప్పులు కూడా నాలుగు ఏకరువు పెట్టి పంపిస్తాడు.

డులూత్ పట్నంలో డాక్టరు అతని ఊపిరితిత్తుల ఫోటో చూపించి, "క్రిస్మస్ దాకా..." అని మిగతా మాట మింగేశాడు. సరస్సు మీద బండి నడిచేంత గట్టిగా మంచు కట్టేది ఏ ఏడూ క్రిస్మస్ దాటాకే. ఆ సంగతి ఈ ప్రాంతంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. అయినా అక్టోబరులో ఒక శనివారం ఆర్విన్ శుభ్రంగా గడ్డం గీసుకుని, ఆక్సిజన్ సిలిండర్ సంచీ భుజాన వేసుకుని వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"బండి తియ్యవే. చేపలిల్లు కొనాలి."

చలికాలం మంచు కట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టుకునే చిన్న గది అది. పాతది ప్లైవుడ్‌ది. అతనూ, అతని స్నేహితుడు ఎల్‌రాయ్ కలిసి కట్టుకున్నది. అది కిందనుంచి పుచ్చిపోయి పెరట్లో ఒరిగిపోయింది. ఈసారి అల్యూమినియంది, పుచ్చనిది, తుప్పు పట్టనిది కావాలిట. లవాన్ ఏప్రన్ విప్పి తాళంచెవులు తీసుకుంది. రోగిష్టి మనిషి ముచ్చట, ఎలాగూ తిరిగి తిరిగి అలిసిపోయి వచ్చేస్తాడు అనుకుంది.

ఊరి బయట హైవే పక్కన డారిన్ కివెలా కొట్టు. వెనక పొలంలో చక్రాల మీద వరసగా చేపలిళ్ళు. డారిన్‌కి యాభై దాటాయి. బళ్ళో చదువుకునే రోజుల్లో లవాన్ వండి పెట్టిన హాట్‌డిష్ అనే మాంసం, బంగాళదుంపల వంటకం తిని పెరిగినవాడే. ఆమె బడి వంటింట్లో పిల్లలందరికీ వండి వార్చి, పెద్ద పెద్ద గుండిగలు వంచి, ఈమధ్యే మానేసింది.

"రండమ్మా, రండి. ఆర్విన్ గారూ, బాగా చిక్కారే."

"చావబోతున్నానయ్యా, చిక్కక లావెక్కుతానా? ఇళ్ళు చూపించు."

డారిన్ మొహం పాలిపోయింది. పాపం, అతను గబగబా మొదటి ఇంటి తలుపు తీశాడు. తళతళలాడిపోతోంది. లోపల టీవీ, గ్యాసు పొయ్యి, గోడకి మడిచే పడకలు. ఆర్విన్ లోపలికి తొంగి కూడా చూడలేదు. చొక్కా జేబులోంచి అయస్కాంతం తీశాడు. ఇంట్లో ఫ్రిజ్ మీద కరెంటు బిల్లు పట్టుకుని ఉండేది అదే. గోడకి ఆనిస్తే కిందికి జారింది. వంగి, దగ్గుకుంటూ, అడుగున ఫ్రేముకి ఆనిస్తే టక్కున అతుక్కుంది.

"చూశావా? పైన పటారం, లోన లొటారం. తొడుగు అల్యూమినియం, ఎముకలు ఇనుము. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకి నాలుగు శీతాకాలాల్లో పొడై రాలిపోతుంది."

నీకెన్ని శీతాకాలాలున్నాయయ్యా అని నోటిదాకా వచ్చింది లవాన్‌కి. పెదవి కొరుక్కుంది.

"సరే, ఏమే, హ్యాండిల్ తిప్పు."

"నేనా? ఎందుకు?"

"తిప్పమన్నానా."

చేపలిల్లు రోడ్డు మీద చక్రాలపై ఎత్తుగా పోతుంది. సరస్సు మీదికెళ్ళాక పిన్నులు పీకి, హ్యాండిల్ వెనక్కి తిప్పితే చక్రాలు పైకి ముడుచుకుని ఇల్లు మంచు మీద కూర్చుంటుంది. అప్పుడు నేలలో మూతలు తీసి, మంచుకి కన్నాలు తొలిచి గాలాలు వేసుకుంటారు. తిరిగొచ్చేటప్పుడు ఇంటిని మళ్ళీ చక్రాల మీదికి ఎత్తాలి. దించడానికేముంది, ఎవరైనా దించుతారు. కష్టమంతా ఎత్తడంలోనే ఉంది.

డారిన్ ఇంటిని దించి పెట్టాడు. లవాన్ హ్యాండిల్ పట్టుకుని రెండు చేతులా గుంజింది. కొంచెం కదిలి ఆగింది. మళ్ళీ గుంజితే నడుం కలుక్కుమంది. "నేను తిప్పుతానుండండమ్మా" అని డారిన్ ముందుకొచ్చాడు.

"నువ్వు మంచు మీదికి వస్తావా మాతో?" అన్నాడు ఆర్విన్. "రావుగా. అయితే తప్పుకో. ఇది వద్దు."

రెండో ఇంటికి ఫ్రేము కూడా అల్యూమినియమే. అయస్కాంతం ఎక్కడా అంటలేదు. ఆర్విన్ లోపలికెళ్ళి బొటనవేలితో గోడ మీద స్క్రూలు తడిమాడు. బయటి రేకుకీ లోపలి గోడకీ కలిపి కొట్టేశారు. బయటి చలంతా ఆ స్క్రూల వెంటే లోపలికొచ్చి, ఒక్కో తల మీద మంచు కడుతుంది, పొయ్యి వెలిగించగానే కరిగి మెడ మీద పడుతుంది. "చస్తూ కూడా తడవాలా?" అన్నాడు. అయినా హ్యాండిల్ మాత్రం తిప్పించాడు. ఈసారి లవాన్ మూలుగుతూ పైదాకా ఎత్తగలిగింది. జుట్టు చెంపలకి అంటుకుపోయింది.

"ఇప్పుడందరూ డ్రిల్లు మిషన్ తగిలించి ఎత్తేస్తున్నారండీ" అన్నాడు డారిన్ నెమ్మదిగా. "చెయ్యి నొప్పి ఉండదు."

"అసలైన చలిలో బ్యాటరీ చచ్చి ఊరుకుంటుంది. మిషన్‌ని నమ్ముకుని సరస్సు మధ్య కూర్చున్నవాడు చాలా తెలివైనవాడు."

లవాన్‌కి ఒళ్ళు మండిపోయింది. డెబ్బై దగ్గరపడిన ఆడదాన్ని పట్టుకుని, కొట్టువాడి ముందు ఎద్దుని తోలినట్టు తోలుతున్నాడు. ఈ మనిషికి జబ్బు చేసినా పొగరు తగ్గలేదు. ఇంటికెళ్ళాక చెప్తాను అనుకుంది గానీ, ఇంటికెళ్ళాక ఆక్సిజన్ గొట్టం సర్దుతూ ఎవర్ని తిడతాం.

మూడోది వరస చివర ఉంది. చిన్నది, ఏ మెరుపూ లేదు. ఆర్విన్ మోకాళ్ళ మీద కూర్చుని ఫ్రేము మూలలు చూశాడు. బోల్టులు లేవు, అంతా వెల్డింగే, అతుకులు ఒత్తుగా, తెగకుండా ఉన్నాయి. గోడలోపల చలి ఆపే ఫోమ్ సందు లేకుండా నింపారు. గాలి పోవడానికి కిందా పైనా దారులున్నాయి. నేలలో చెక్కన్నది లేదు. తలుపు మూస్తే మెత్తగా పడింది. అతను లేవలేకపోయాడు. లవాన్ చంకల్లో చేతులు వేసి లేపింది. లేపుతుంటే చొక్కాలో మనిషి ఉన్నాడా అన్నట్టనిపించి ఆమెకి భయం వేసింది.

డారిన్‌కి కొట్లోంచి పిలుపొచ్చి వెళ్ళాడు. ఇద్దరూ లోపల బెంచీ మీద కూర్చున్నారు.

"ఎల్‌రాయ్ ఎలా పోయాడో చూశావుగా" అన్నాడు ఆర్విన్.

చూసింది. పోయిన శీతాకాలమంతా ఎల్‌రాయ్ వృద్ధుల ఆశ్రమంలో కిటికీ పక్కన మంచమ్మీద ఉన్నాడు. కిటికీలోంచి కార్లు ఆపే చోటు తప్ప ఏమీ కనబడదు. వెళ్ళినవాళ్ళందర్నీ మంచు ఎంత మందం కట్టిందని అడిగేవాడు. చివరికి ఎవరూ చెప్పడం మానేశారు, చెప్పినా తెలిసేది కాదు.

"నేనలా పోను. మంచు కట్టేదాకా ఎలాగోలా ఈడుస్తాను. కట్టాక నువ్వు నన్ను సరస్సు మీదికి తీసుకెళ్ళు. గాలం వేసుకుని కూర్చుంటాను. పోయేదేదో అక్కడే పోతాను."

"తర్వాత?"

"తర్వాతే హ్యాండిల్."

లవాన్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మొగుడి వైపు తిరిగింది.

"ఇల్లు ఎత్తి, బండికి తగిలించి, నన్ను ఒడ్డుకి తెచ్చేది నువ్వే" అన్నాడు. "వేరే ఎవరున్నా కంగారుపడి ఫోన్ చేస్తారు. అంబులెన్సు వస్తుంది, గొట్టాలు పెడతారు, మళ్ళీ ఊపిరి పోసి ఆ కిటికీ పక్కన పడేస్తారు. నువ్వు ఫోన్ చెయ్యవు. అందుకే నువ్వు ఎత్తగలిగే ఇల్లు కావాలి."

"నీకేమైనా మతిపోయిందా? శవాన్ని వెనక పెట్టుకుని ఆ మంచు మీద ఒక్కదాన్నీ బండి నడపాలా?"

"ఇన్నేళ్ళు నా నోటితో వేగావు కదే. ఆ ఒక్క దారీ నోరెత్తను."

ఆమె నవ్వలేదు. అతను కూడా నవ్వలేదు.

"నావల్ల కాదు ఆర్విన్."

"కాదా, చెయ్యనంటావా?"

"కాదు."

"అదేదో హ్యాండిలే చెప్తుంది. పద."

డారిన్ తిరిగొచ్చి ఇంటిని దించాడు. లవాన్ హ్యాండిల్ పట్టుకుంది. పట్టుకోగానే చేతికి తెలిసిపోయింది. బడి వంటింట్లో గుండిగ వంచడానికి ఇంతకు రెట్టింపు బలం పెట్టేది. ఒంటి చేత్తో తిప్పెయ్యొచ్చు. పాడు ఇల్లు, ఇంత బాగా ఎందుకు కట్టాలి దీన్ని? తిప్పితే ఒప్పుకున్నట్టే. తిప్పలేకపోతే కొనడు. కొనకపోతే జనవరిలో అతను ఇంట్లో, తన కళ్ళముందు, పరుపు మీద ఉంటాడు. అంబులెన్సు వస్తే రానీ. ఇంకో నెల బతుకుతాడేమో, కిటికీ పక్కనైతేనేం? ఆమెకి ఆ నెల కావాలి. సిగ్గు లేకుండా కావాలి.

మొహం ఎర్రబడేలా ఊపిరి బిగబట్టి, భుజాలు వణికించి, హ్యాండిల్ మీద బరువంతా వేసినట్టు నటించింది.

"రావట్లేదు" అంది. "బిగిసిపోయింది."

"బిగిసిపోవడమేమిటండీ, నిన్ననే గ్రీజు పెట్టాను" అన్నాడు డారిన్ అమాయకంగా.

  ఆర్విన్ ఆక్సిజన్ సంచీ తీసి గడ్డిలో పెట్టి, ముక్కులోని గొట్టం మెడ మీదికి లాక్కుని, వచ్చి ఆమె చేతులు పక్కకి తప్పించి హ్యాండిల్ తనే పట్టుకున్నాడు. దుంగల లారీ తోలినన్నాళ్ళూ గొలుసులు బిగించిన చేతులవి. ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టు సగంలో ఉండగా, పళ్ళచక్రానికి కొక్కెం పడకముందే అతని చెయ్యి వదిలేసింది. హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి మణికట్టుని కొట్టింది. అతను గడ్డిలో కూలబడి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరుచుకుని గాలి కోసం పెనుగులాడాడు. ఒడ్డున పడేసిన చేప అలాగే కొట్టుకుంటుంది.

లవాన్ గొట్టం అతని ముక్కులో పెట్టింది. పెదవుల నీలం తగ్గేదాకా వీపు నిమురుతూ కూర్చుంది. డారిన్ టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.  ఇంటికెళ్ళినా ఇదే జరుగుతుంది, ఈ పూటా, రేపూ, తను కోరుకున్న ఆ నెలంతా ఇదే, ఇంకా ఘోరంగా. తను అడిగిన నెల అదన్నమాట. ఏడుపొచ్చింది. డారిన్ చూస్తున్నాడని కూడా చూడకుండా ఏడ్చింది.

తర్వాత లేచి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, హ్యాండిల్ పట్టుకుని తిప్పింది. ఎక్కడా ఆగలేదు. ఇల్లు నెమ్మదిగా, చప్పుడు లేకుండా లేచింది. పిన్నులు తనే పెట్టింది.

గడ్డిలోంచి ఆర్విన్ చూస్తున్నాడు. "దొంగ" అన్నాడు. ఊపిరి చాలక మాట బయటికి రాలేదు గానీ పెదాల కదలిక తెలిసింది.

"నోర్ముయ్యి" అంది లవాన్. డారిన్ వైపు తిరిగింది. "దీన్నే తీసుకుంటాం బాబూ. బండికి హుక్కు తగిలించడం నాకు చూపించు. ఒక్కదాన్నే తగిలించాలి. ముందు దీన్ని మళ్ళీ దించు."

"ఎత్తారు కదమ్మా, చాలు."

"చాలదు. దించు."

డారిన్ దించాడు. లవాన్ మొగుడి చంకల్లో చేతులు వేసి లేపి, మెట్టు దాకా నడిపించింది.

"లోపలికెళ్ళి పడుకో" అంది. "నువ్వు లోపలుండగా ఎత్తి చూడాలి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఎదురు మాట్లాడలేదు. ఈ కాపురంలో అతను ఎదురు మాట్లాడని సందర్భం ఇదొక్కటే అయ్యుంటుంది. లోపలికెళ్ళాడు. బెంచీ కిర్రుమంది. లవాన్ తలుపు దగ్గరగా వేసి, మూలకి వచ్చి, హ్యాండిల్ పట్టుకుంది.

ఎప్పుడు బరువు తగులుతుందా అని చూస్తూ పైదాకా తిప్పింది. అతని బరువు చేతికి తెలియనే లేదు.