అడ్డపలక వెనక

జగేసర్ నేల మీద బోర్లా పడుకుని, టార్చి నోట కరుచుకుని, సింకు కింది అడ్డపలక మరలు విప్పుతున్నాడు. అలమర కాళ్లు కనబడకుండా నేలబారున బిగించే పలక అది. రెండు మరలు తుప్పు పట్టి మొరాయించాయి. మిగతా రెండూ వేలు తగలగానే ఊడి వచ్చేశాయి. ఇంత వదులుగా ఎందుకున్నాయా అని ఒక్క క్షణం అనుమానం కలిగింది గానీ, యాభై ఎనిమిదేళ్ల నడుము ఆ అనుమానాన్ని నిలవనివ్వలేదు. బయట సువా పట్నపు వాన తెల్లారినప్పటి నుంచీ ఒకే ధాటిగా పడుతోంది.

ఈ వంటింటికి రావడం ఇది నాలుగోసారి. మొదటిసారి స్ప్రే కొట్టాడు. రెండోసారి అలమర కీళ్లలో, పైపుల మూలల్లో జెల్ మందు చుక్కలు పెట్టాడు. మూడోసారి ఫ్రిజ్జు లాగి, స్టవ్ లాగి, సందులన్నీ మూశాడు. అయినా చిన్న గోధుమరంగు బొద్దింకలు పట్టపగలే గోడల మీద షికారు చేస్తున్నాయి. అవి పగలు బయటికొచ్చాయంటే లోపల చోటు చాలడం లేదన్నమాట. పెట్టిన మందు పెట్టినట్టే ఎండిపోయింది. మందు ముట్టలేదంటే అంతకంటే రుచికరమైన తిండి ఎక్కడో దొరుకుతోందన్నమాట. ఆ సంగతి తెలుసు గనకే పోయినసారి అతనికి కోపం వచ్చింది.

"మామా, ఇది మందుతో పోయేది కాదు. ఎంగిలి ఎక్కడపడితే అక్కడ వదిలేస్తుంటే నేనేం చెయ్యను? కాస్త శుభ్రంగా ఉండటం నేర్చుకో" అన్నాడు ఆ ఇంటి ముసలాయనతో, ఆయన కూతురి ముందే.

కూతురు లిటియానా మొహం కందిపోయింది. ఆ సాయంత్రం మోకాళ్ల మీద కూర్చుని నేలంతా బ్రష్షుతో గీకిందట. ముసలాయన అపిసాయి మాత్రం నవ్వి, "సరే అల్లుడూ" అన్నాడు. ఒకరు కడావు దీవిలో పుట్టిన మనిషి, ఇంకొకరు చెరకు తోటల ఇండియన్ల ఇంట పుట్టినవాడు. అయినా మొదటిరోజు మామా అని పిలిచాడు గనక ఇతను అల్లుడయ్యాడు.

బిల్డింగు ఓనరు ముందే కాగితం పంపాడు. నెలాఖరుకి బొద్దింకలు పోకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. పురుగులకు కారణమేమిటో మందు కొట్టేవాడు రాసిచ్చేదాన్ని బట్టి ఉంటుంది ఆ నిర్ణయం.

పలక ఊడి వచ్చింది. ముందు వాసన తగిలింది, పులిసిన కొబ్బరిపాల వాసన. తర్వాత చీకట్లో ఏదో మెరిసింది. వెండికాగితం పొట్లాలు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, ఇటుకలు పేర్చినట్టు పొందిగ్గా పేర్చి ఉన్నాయి. ముప్పై దాకా ఉంటాయి. వెనకవి అణిగిపోయి నల్లబడ్డాయి. ముందువి ఇంకా ఆకారం చెడలేదు. అన్నీ కదులుతున్నట్టున్నాయి. టార్చి వెలుగు పడేసరికి వాటి మీది గోధుమరంగు తెర చీలి నాలుగు వైపులా పారింది.

జగేసర్ నోట్లోంచి టార్చి జారిపోయింది.

ఇరవయ్యారేళ్లుగా అతని పని ఇదే. ఇతరుల పొయ్యిల వెనక, ఫ్రిజ్జుల కింద చూడటం. ఎలుక గూళ్లు చూశాడు, ఎవరివో కట్టుడు పళ్లు చూశాడు, ఒకచోట పెళ్లి ఉంగరం దొరికితే తిరిగి ఇచ్చాడు. ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. ఇది మురికి కాదు. ఎవరో చాలా జాగ్రత్తగా, రోజూ ఒకటి చొప్పున దాచినది. చెయ్యి చాచి ఎదుటి పొట్లం తీశాడు. విప్పి మళ్లీ మూసిన మడతలు. లోపల చేపముక్క, చేమదుంపలు, దోసకాయ చక్రాలు. చేప అంచున చిటికెడంత తుంచి ఉంది. అంతే.

"ఆ పలక మళ్లీ పెట్టెయ్ అల్లుడూ."

అపిసాయి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో అలికిడే కాలేదు. జగేసర్ అతన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. ఒకప్పుడు పెద్ద శరీరం. చొక్కా ఇప్పటికీ ఆ శరీరానిదే. లోపలున్న మనిషి మాత్రం సగమయ్యాడు. నాలుగుసార్లు వచ్చి కూడా ఆ సంగతి గమనించలేదు. గోడలే చూశాడు.

"ఇవేంటి మామా?"

"లిటియానా తెచ్చేవే."

"తినట్లేదా?"

ముసలాయన రెండు వేళ్లు గొంతు మీద పెట్టి చూపించాడు. "దిగట్లేదు. మార్చి నుంచీ అంతే. ముందు దుంప ఆగింది, తర్వాత చేప. ఇప్పుడు టీ కూడా సగం వెనక్కొస్తోంది."

"డాక్టరుకి చూపించావా?"

"లైటున్న గొట్టం దింపి చూశారు. డాక్టరమ్మ మంచిది, చెయ్యి పట్టుకుని చెప్పింది. మీ అమ్మాయిని తీసుకురా, మాట్లాడాలి అంది. నేను మళ్లీ వెళ్లలేదు."

జగేసర్ లేచి కూర్చున్నాడు. "బయట పారెయ్యొచ్చు కదా?"

"మూడంతస్తులు దిగే కాళ్లేవి? కిటికీలోంచి వేస్తే కుక్కలు పోగయ్యాయి. మరుగుదొడ్లో పోస్తే కింది వాళ్లింట్లో పైపు పొంగి గొడవైంది. చెత్తబుట్ట అదే తీస్తుంది, చూస్తుంది." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఈ పలక ముందే కాస్త ఊగేది."

"మరి ఆమెకి అనుమానం రాలేదా?"

"ఎలా వస్తుంది? రోజూ రుచి చెప్తాను కదా. నాలుక మీద పెట్టుకుని, కాసేపు ఉంచుకుని, ఊసేస్తా. ముప్పై ఏళ్లు ఓడలో వండినవాణ్ణి. దానికి వంట నేర్పింది నేనే. నాలుకకి ఇంకా ఏం కాలేదు అల్లుడూ. నిన్న అల్లం ఎక్కువేసింది."

ఆ మాట అంటున్నప్పుడు ముసలాయన మొహంలో చిన్న గర్వం కదిలింది. జగేసర్‌కి కళ్లెత్తి చూడబుద్ధి కాలేదు. ఈ మనిషినే తను శుభ్రంగా ఉండటం నేర్చుకోమన్నాడు.

"దానికి చెప్పకు" అన్నాడు అపిసాయి. "మూడింటికి లేచి వండుతుంది. ముందు నా పొట్లం కట్టి, తర్వాతే అమ్మకానికి పెడుతుంది. అది వండింది నేను తిననని తెలిస్తే దాని చెయ్యి ఆడదు."

జగేసర్ లేచి నిలబడ్డాడు. నల్ల సంచులు తెచ్చి పొట్లాలన్నీ అందులో వేశాడు. మూడు సంచులయ్యాయి. వాటిని వానలో కిందికి మోసి వ్యానులో పెట్టాడు. తిరిగి వచ్చి అలమర అడుగంతా కడిగి, మందు పెట్టి, పలకను కొత్త మరలతో బిగించాడు. గోడకానుకుని కాగితం రాయబోయాడు. 'కారణం' అన్న చోట ఇన్నేళ్లుగా ఆలోచించకుండా రాసే మాట ఒకటుంది, అద్దెకున్నవారి అపరిశుభ్రత అని. కలం ఆగిపోయింది. ఎన్ని ఇళ్లకు ఆ మాట రాశాడో. వాటిలో ఎన్నింట్లో పలక విప్పకుండానే రాశాడో. చివరికి, 'పైపు పక్క గోడలో సందు, మూసివేయబడింది' అని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితాల్లో అతను తెలిసి రాసిన మొదటి అబద్ధం అది.

వ్యానులో కూర్చుని తాళం తిప్పలేదు. భార్య రాజ్‌మతి పోయి నాలుగేళ్లయింది. ఆఖరి సంవత్సరం ఎప్పుడు పిలిచినా, "నేను పొయ్యి దగ్గరే తినేశాను, మీరు కానివ్వండి" అనేది. పురుగుమందు వాసన ఇంట్లోకి రాకూడదని అతను వరండాలోనే కూర్చుని తినేవాడు. నిజంగా తిన్నదా అని ఒక్కసారీ లేచి లోపలికి వెళ్లి చూడలేదు. ఆ ఆలోచన ఎక్కడ్నుంచి వచ్చిందో తెలియదు. వచ్చాక మాత్రం కూర్చోలేకపోయాడు.

బస్టాండు పక్క రేకు కింద లిటియానా భోజనం పొట్లాలు అమ్మే బల్ల. మధ్యాహ్నం జనం మూగి ఉన్నారు. అతన్ని చూడగానే ఆమె చేతిలో గరిటె ఆపకుండానే పలకరించింది.

"ఏంటి, ఈసారైనా చచ్చాయా?"

"చస్తాయమ్మా. దొరికింది."

"ఎక్కడ్నుంచి వస్తున్నాయి?"

ఏదో పైపు సందని చెప్పాలనే వచ్చాడు. కాగితం మీద అంత తేలిగ్గా రాసిన అబద్ధం ఇక్కడ నోట్లోంచి రాలేదు. బల్ల పక్కకి వెళ్లి, గొంతు తగ్గించి, చూసింది చూసినట్టు చెప్పాడు. గొంతు సంగతి, డాక్టరమ్మ సంగతి, అన్నీ చెప్పాడు.

లిటియానా అతని మొహంలోకే చూస్తూ విన్నది. ఎదుట నిలబడ్డ బస్సు డ్రైవరుకి పొట్లం కట్టి ఇచ్చింది.

"దుంపలేవీ?" అన్నాడు డ్రైవరు విప్పి చూసి.

ఆమెకు వినబడలేదు. అతను మళ్లీ అడిగాడు. ఆమె ఆ పొట్లం తీసుకుని, మళ్లీ చేపే వేసి ఇచ్చింది. డ్రైవరు పక్కకి తప్పుకున్నాడు.

"నిన్న అల్లం ఎక్కువైందన్నాడు" అంది ఆమె. "నిజంగానే ఎక్కువైంది. ఎలా చెప్పాడు?"

"నాలుక మీద పెట్టుకుని ఊసేస్తాడంట."

"రోజూనా?"

"రోజూ."

ఆమె అరచెయ్యి బల్లకి ఆనించింది. "అవి విప్పి ఉన్నాయా, కట్టినవి కట్టినట్టే ఉన్నాయా?" అని అడిగింది.

"ప్రతిదీ విప్పాడమ్మా. విప్పి, మళ్లీ నీట్‌గా మడిచాడు."

లిటియానా తల ఊపింది. గిన్నెల మీద మూతలు ఒక్కొక్కటే పెట్టింది. ఇంకా నలుగురు వరసలో ఉన్నారు. ఏప్రాన్ విప్పి బల్ల మీద పడేసి, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి నడిచింది. ముందు నడిచింది, మూల తిరిగేచోట పరుగెత్తింది. జగేసర్ ఆ తెరిచిన బల్ల దగ్గర చాలాసేపు కాపలా నిలబడ్డాడు. చెప్పి మంచి చేశానా చెడు చేశానా అన్నది అతనికి ఆ రోజూ తేలలేదు, ఆ తర్వాతా తేలలేదు.

రెండు వారాల తర్వాత ఐదోసారి వెళ్లాడు, మందు పనిచేసిందో లేదో చూడటానికి. ఎంత తట్టినా తలుపు తెరుచుకోలేదు. ఎదురింటి ఆవిడ బయటికొచ్చి తాళంచెవి అందించింది.

"నువ్వొస్తే ఇమ్మంది. ముసలాయన బుధవారం పోయాడు. నిద్రలోనే, ఇంట్లోనే. నిన్న ఓడ మీద కడావు తీసుకెళ్లారు."

జగేసర్ తల నుంచి టోపీ తీశాడు. "లిటియానా?"

"తనూ వెళ్లింది. ఆ రోజు నుంచీ బల్లే తెరవలేదు ఆ పిల్ల. తండ్రి పక్కనే. ఎప్పుడు చూసినా ఇంట్లోంచి చేమాకు చారు కాగే వాసనే."

లోపల చాపలు చుట్టి గోడకి చేర్చి ఉన్నాయి. కుర్చీ లేదు. అతను అలవాటుగా మోకాళ్ల మీద కూర్చుని, అలమర మూలల్లో, పైపు పక్కన, స్టవ్ వెనక టార్చి వేసి చూశాడు. బొద్దింక ఒక్కటి లేదు. కాగితం తీసి, తేదీ వేసి, లేవడానికి సింకు పట్టుకున్నాడు. సింకు అంచున చిన్న స్టీలు వడపోత జాలి ఒకటి కడిగి బోర్లించి ఉంది. దాని సన్నటి కన్నాల్లో, ఎంత తోమినా వదలని చేమాకు పచ్చదనం ఇంకా అంటుకునే ఉంది.