ఒక్క వైపుకి పేర్చిన తొడిమలు

మా చెల్లెలు జయకుమారి కూర్చునే చోట మిరప కల్లంలో ఎవరూ కూర్చోరు. నిరుడు కాయలకి తొడిమలు తీస్తూ తీస్తూ అక్కడే ఒరిగిపోయింది. మా ఊరి ఆరెంపీ డాక్టరు పేరయ్య అమ్మిన కడుపు పోయే బిళ్ళలు మింగింది, నెత్తురు ఆగలేదు. "మొగుడి సంతకం లేనిదే సర్కారు ఆసుపత్రిలో చెయ్యరు, పైగా పోలీసు కేసు" అని బెదిరించి మరీ అమ్మాడు, వాడి నోట్లో మన్ను పడ. దాని మొగుడేమో సంతకం పెట్టనన్నాడు.

ఈ ఏడు కాయ కల్లానికి వచ్చిన దగ్గర్నుంచీ, పొద్దు వాలేసరికి ఆ ఖాళీ చోట తొడిమల కుప్ప కనపడుతోంది. మేమంతా తొడిమలు ఎటుపడితే అటు విసిరేస్తాం. జయకుమారి మాత్రం అన్నీ ఒక్క వైపుకి పేర్చేది. పిచ్చిదానా, వీటికి కూడా జడలేస్తావా అని ఏడిపించేదాన్ని. ఇప్పుడా కుప్పలోనూ తొడిమలన్నీ ఒక్క వైపుకే ఉంటున్నాయి. గాలి పనని మేస్త్రి అన్నాడు. ఏ గాలి అట్లా పేరుస్తుంది, నా తలకాయ.

మొన్న మిట్టమధ్యాహ్నం మా ఆడపడుచు కూతురు క్రిస్టీనా ఆలస్యంగా వచ్చి, వరసలో సందు లేక ఆ చోటే కూర్చుంది. ఘాటుకి కల్లంలో ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. ఆ క్షణాన అందరి దగ్గూ ఆగిపోయింది.

"అత్తా, ఇక్కడేంది ఇంత చల్లగా ఉంది?" అంది. మాకేమో ఎండకి మాడు పేలిపోతోంది.

లేపుదామని దగ్గరికి పోయాను. దాని కొంగు ముడి విప్పి ఉంది. ముందున్న గోతం మీద బిళ్ళల పొట్లం. దాని మీద తొడిమలు, అన్నీ ఒక్క వైపుకి.

"ఏందే అవి?"

"పేరయ్య ఇచ్చాడు." తల వంచుకుంది. "మూడో నెలత్తా. పోయిన కాన్పుకే చచ్చి బతికా. ఆయన దాచేపల్లి ఫ్యాక్టరీ నుంచి ఫోనెత్తడు. ఇంక సంతకం ఎవరు పెడతారు?"

"ముడి నువ్వు విప్పావా?"

"లేదు. అందులోనే ఉన్నాయనుకున్నా."

భయంతో పాటు ఏడుపూ తన్నుకొచ్చింది. పొట్లం లాక్కుని, దాన్ని చెయ్యి పట్టి లేపి, ఆటో ఎక్కించి సర్కారు ఆసుపత్రికే తీసుకుపోయాను.

డాక్టరమ్మ పరీక్ష చేసి క్రిస్టీనా ముందు కాగితం పెట్టింది. "సంతకం చెయ్యమ్మా."

"దీని మొగుడు ఊళ్ళో లేడండి" అన్నాను.

"ఆయనతో పనేముంది? పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి, తన సంతకం చాలు. చట్టం భర్తని అడగదు."

"ఎప్పట్నుంచండీ?"

"మొదట్నుంచీ అంతేనమ్మా."

వెనక బల్ల మీద ఎవరో దగ్గారు, మిరప ఘాటుకి దగ్గినట్టు. తిరిగి చూస్తే బల్ల ఖాళీగా ఉంది.

క్రిస్టీనా వంకరటింకరగా తన పేరు రాస్తోంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మా పొదుపు సంఘంలో అందరికన్నా ముందు సంతకం నేర్చుకుంది జయకుమారే.