రచన: సీతారాములు

దీక్షా శిబిరం వాళ్ళు అచ్చేసిన పాటల పుస్తకం అండాలమ్మ చేతికి వచ్చేసరికి దాని మీద పప్పు మరక పడి ఉంది. ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, బండ్లు ఆపి, అక్కడే వండుకు తిని ప్రత్యేక రాష్ట్రం అడగడం. వండేది ఆడవాళ్ళు, అడిగేది మగవాళ్ళు. పుస్తకంలో నలభై పాటలు, అన్నిటి కింద మగవాళ్ళ పేర్లు. పదకొండో పేజీలో ఆమె పాట ఉంది.

"నడుములొంగిన పల్లె మాది, నీళ్ల పాపం ఎవనిది
కుర్చీ మీది దొరను దించి మూసిల ముంచే రోజిది"

కింద 'రచన: సీతారాములు' అని ఉంది.

అండాలమ్మది నల్లగొండ వైపు పల్లె. అక్కడి ఫ్లోరైడు నీళ్ళు ఎముకలను వంచేస్తాయి. ఏడో తరగతితో బడి మాన్పించారు. ఇరవై ఏళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది. ఏటా పరీక్షలు కాగానే పిల్లలు వెళ్ళిపోయేవారు, మళ్ళీ కనిపించేవారు కాదు. వాళ్ళు వదిలేసిన పుస్తకాలు మిగిలేవి. అవన్నీ చదివింది. ఈ పాట ఆ వంటింట్లోనే పుట్టింది. పల్లవి ఆమెది. తోటి వంటమనిషి నాగేశ్వరి ఒక చరణం కట్టింది. హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే అరుణజ్యోతి ఇంకొకటి కట్టి, అంతా కాగితం మీద పెట్టింది. "చూసిస్తా" అని ఆ కాగితం పట్టుకుపోయినవాడు సీతారాములు. శిబిరానికి కన్వీనరు, కోచింగ్ సెంటర్లో చరిత్ర చెప్పే సారు. చరిత్ర చెప్పేవాడికి అదెలా తయారవుతుందో తెలియదా.

అండాలమ్మ గరిటె వదిలి వేదిక దగ్గరికి నడిచింది. నాగేశ్వరి, అరుణజ్యోతి, తక్కిన ఆడవాళ్ళు వెనకే వచ్చారు.

"సారూ, గీ పాట నాది గదా."

సీతారాములు చల్లగా నవ్వాడు. "ఉద్యమంల నాది, నీది అనుడు ఉండదక్కా. ఇది ప్రజల పాట."

"ప్రజల పేరు సీతారాములా?"

పక్కనున్న కవి లింగస్వామికి రోషం వచ్చింది. "పాడుడు వేరు, రాసుడు వేరక్కా. రాయాల్నంటే జర దిమాగ్ కావాలె. మీరు పప్పు మంచిగ చేస్తరు, ఎవరన్న కాదన్నరా?"

"ఇయ్యాల పప్పు కింద గూడ మీ పేరే రాసుకోండ్రి మరి" అంది అరుణజ్యోతి.

నాగేశ్వరిది గుంటూరు జిల్లా. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఈ ఒక్క విషయంలో మాత్రం రెండు ప్రాంతాలూ సమైక్యమేనే అండాలమ్మా. మా ఊళ్ళోనూ ఇంతే" అంది. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. వేదిక మీద ఎవరూ నవ్వలేదు.

వీళ్ళతో తెగితే ఇక శిబిరంలో అడుగు పెట్టనివ్వరేమో. అయినా అండాలమ్మ అంది: "మా పేర్లు ఏసేదాక పొయ్యి ఎలగది."

ముప్పై మంది బిందెలెత్తి పొయ్యిల్లో నీళ్ళు గుమ్మరించారు. చౌరస్తా అంతా పొగ.

"ఇది ఉద్యమ ద్రోహం" అని సీతారాములు మైకులో ప్రకటించాడు. ఆకలి మీదున్న కవులు అవునన్నారు.

ఆ పొగలోంచే పోలీసు వ్యాను వచ్చి ఆగింది. ఎస్సై చేతిలో అదే పుస్తకం, పదకొండో పేజీ మడిచి ఉంది.

"మూసీలో ముంచుతామని రాసిందెవరు? సీతారాములెవరు?"

చరిత్ర సారు రెండడుగులు వెనక్కి వేశాడు. "నా పేరు ఊకనే పెట్టిన్రు సార్. నేను రాయలె. రాసింది గామె, అండాలమ్మ."

"అవ్ సార్, అంతా ఆమె దిమాగే" అన్నాడు లింగస్వామి.

ఆమెకు బుర్ర ఉందని ఒప్పుకోవడానికి కవులకు లాఠీ కనబడవలసి వచ్చింది.

"నేనే రాసిన" అని అండాలమ్మ వ్యాను వైపు నడిచింది.

"రెండో చరణం నాది" అంటూ అరుణజ్యోతి వచ్చింది.

"మొదటిది నాదండి" అంది నాగేశ్వరి.

"నువ్వు ఆంధ్రా మనిషివి కదమ్మా, నీకెందుకు?" ఎస్సై విసుక్కున్నాడు.

"నీళ్ళు మోసేది మా వైపూ ఆడదే బాబూ."

మిగిలినవాళ్ళు పిలవకుండానే ఎక్కారు. "మా చరణాలు తొవ్వల పోతపోత కడతం" అన్నారు.

స్టేషన్లో కానిస్టేబులు కాగితం తీశాడు.

"పేరు?"

"అండాలమ్మ."

"మొగుని పేరు?"

"పాట ఆయన రాయలె."

"సరే. ఏం పని చేస్తవ్?"

"పాటలు రాస్త. కూటికి వంట చేస్త."

అతను తలెత్తి చూశాడు. ఆమె కాగితం మీద వేలు పెట్టి, "రాయి" అంది. రాసేదాకా చూసి, ఒకసారి చదువుకుని, పక్కకు జరిగింది.

ఆమె వెనక వరసలో ఉన్న, బండి మీద గాజులమ్మే ముసలమ్మ ముందుకొచ్చింది. "నాది గూడ గట్లనే రాయి బిడ్డా."

"నాది గూడ" అంది ఆమె వెనక మనిషి.

గోడవారన కూర్చున్నవాళ్ళు అప్పటికే మూడో చరణం అందుకున్నారు. అది సీతారాములు మీద.