కోటు అంచులో సీసపు గుండు

మా ఆయన కోటు గురించి నాకు తెలిసినంత ఆయనకే తెలియదు. కుడివైపు కుట్లు విప్పి రెండు వేళ్ళ వెడల్పు వదులు చేసింది నేనే. గాలికి ఆ పక్క ఎగిరి నడుమున ఉన్న పిస్తోలు బయటపడకుండా, గాలానికి కట్టే సీసపు గుండొకటి అంచు మడతలో పెట్టి కుట్టిందీ నేనే. అందుకే ఆ ఆదివారం పాదాలు కడిగే ఆరాధన ముగిసి మగవాళ్ళు తూర్పు గదిలోంచి బయటికి వస్తుంటే, వెర్లన్ కోటు కుడిపక్క చదునుగా వేలాడడం చూడగానే నాకు తెలిసిపోయింది.

ఉబ్బు లేదు. పిస్తోలు ఆయన ఒంటిమీద లేదు.

మా సీడర్ ఫోర్క్ చర్చికి డెబ్భైమంది వస్తే ఆ ఆదివారం పండగే. ఆర్కాన్సా కొండల్లో మా మూలకి పోలీసు బండి రావాలంటే నలభై నిమిషాలు. ఎక్కడో వేరే రాష్ట్రంలో ప్రార్థన మధ్యలో కాల్పులు జరిగాయని విన్న ఏడాది, మావాళ్ళు ఆరుగురు కాపలా జట్టుగా ఏర్పడ్డారు. జీతం లేదు, బిళ్ళ లేదు, కోటు కింద ఏముందో పక్కవాడికి కనబడకూడదు. జట్టుకి పెద్ద కోయ్ లెడ్బెటర్. షెరీఫు దగ్గర పోలీసుగా ఇరవై ఏళ్ళు పనిచేశాడు. చిన్నప్పుడు నా ఆదివారపు బడిలో ముక్కు తుడుచుకోవడం రాని పిల్లవాడు, ఇప్పుడు అందరికీ నియమాలు చెప్తాడు. పిస్తోలు ఒంటిమీద ఉండాలి, లేదంటే పాస్టరు గదిలోని ఇనప్పెట్టెలో ఉండాలి. మూడో చోటు లేదు.

పాదాలు కడిగే రోజున కోటు విప్పాలి, నడుముకి తువ్వాలు చుట్టుకోవాలి, యేసు శిష్యులకి చేసినట్టు సాటి సోదరుడి ముందు మోకాళ్ళూని పాదాలు కడగాలి. నడుమున తుపాకీ పెట్టుకుని ఎలా వంగుతారు? అందుకని కోయ్, ఇంకొకరు మాత్రం కాపలా ఉంటారు, తక్కినవాళ్ళు పిస్తోళ్ళు ముందే పెట్టెలో పెట్టి, తరవాత తీసుకోవాలి. ఆ రోజు ఆరాధన కాగానే పిల్లల గది తలుపు దగ్గర నిలబడే వంతు మా ఆయనది.

నేను వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

“వెర్లన్, నీ నడుముది ఏదీ?”

“ఏది?”

“ఏదేమిటి, నీ కోటు నేను కుట్టలేదూ!”

ఆయన చెయ్యి తుంటి మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. మొహం పాలిపోయింది.

“పెట్టెలో ఉంది,” అన్నాడు. “తీసుకోవడం మరిచిపోయాను, అంతే.”

“అయితే పద, తీసుకో.”

పాస్టరు గదిలో ఎవరూ లేరు. పెట్టె బల్ల కింద ఉంది. మా ఆయన వంగి అంకెల మీద వేలు పెట్టాడు. వేలు కదలలేదు. గోడ మీద గడియారం టిక్కుటిక్కుమంటోంది.

“నంబరు?” అన్నాను.

“వస్తుంది ఉండు, లీటా. తొందరపెట్టకు.”

రాలేదు. అది ఆయనే పెట్టిన నంబరు. పొద్దున కూడా ఇలాగే వంగి, ఇలాగే రాక, కోయ్‌ని అడగడానికి సిగ్గుపడి వెనక్కి వచ్చి ఉంటాడని నాకప్పుడు అర్థమైంది. మరి పిస్తోలు ఎక్కడ పెట్టినట్టు?

“గుర్తులేదు,” అన్నాడు నేల చూస్తూ. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, తప్పుచేసిన పిల్లవాడిలా. “తూర్పు గదిలోనే. ఎక్కడో పెట్టాను. కోయ్‌కి చెప్పకు. చెబితే నన్ను ఇక తలుపు దగ్గర నిలబెట్టడు.”

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. మార్చిలో ఆయన బండి ఇంజను ఆపకుండా ఆరాధన అంతా కూర్చుంటే, నేనే వెళ్ళి ఆపి నోరు మూసుకున్నాను. పాస్టరు పేరు మరిచిపోయిన రోజున దగ్గొచ్చినట్టు నటించి పేరు అందించాను. వసంతంలో పిస్తోలు పరీక్షలో మాత్రం కుర్రవాళ్ళకంటే బాగా కాల్చాడు. చేతికి అన్నీ గుర్తున్నాయి కదా, తల సంగతి తరవాత చూద్దాంలే అనుకున్నాను.

“మనమే వెతుకుదాం,” అన్నాను, సిగ్గులేకుండా. ఇంకోసారి దాచడానికే.

తూర్పు గదికి వెళ్ళేసరికి జోలీన్ అప్పటికే భోజనాలకి బల్లలు వేస్తోంది. మా వంటింటి పెత్తనమంతా ఆమెదే. తడి తువ్వాళ్ళు బుట్టలోకి చేరాయి, పాదాలు కడిగే నీళ్ళ గిన్నె ఒక్కటే మూల మిగిలింది. నేను కుర్చీల కింద, కిటికీ గట్టు మీద, తువ్వాళ్ళ బుట్టలో చెయ్యి పెట్టి చూశాను.

“ఏం సిస్టర్ ఓలీటా, మీ డంప్లింగు ఉండలు రాళ్ళయ్యాయా? మొహం అలా పెట్టారేం?” అంది జోలీన్.

“నీ మొక్కజొన్న రొట్టె ఉండగా మా ఇంటి రాళ్ళెందుకులే,” అన్నాను. నోరు దానంతటదే అంది, చేతులు ఇంకా వెతుకుతూనే ఉన్నాయి.

“ఇవాళ పిల్లలు ఇక్కడే తింటారు, ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తారు. తినేముందు వాళ్ళలో కిన్సీ పియానో వాయిస్తుందట. వారమంతా నేర్చుకుందట, పాపం.”

పద్నాలుగుమంది పిల్లలు. అన్నిట్లోనూ వేళ్ళు పెట్టే వయసు. గోడ అవతల వాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి.

వెర్లన్ నా వైపు చూశాడు. ఆ చూపు బతిమాలింది. యాభై ఆరేళ్ళ కాపురంలో ఆ చూపుకి నేను కాదనలేదు. ఆ రోజు తల తిప్పుకుని, కోయ్ కాపలా ఉన్న ముందు తలుపు దగ్గరికి నడిచాను. పరుగెత్తితే జనం కంగారుపడతారని నడిచాను కానీ, మధ్యలో ఉన్న నడవా అంత పొడుగని నాకు అంతకుముందు తెలియదు.

“కోయ్, మీ బ్రదర్ వెర్లన్ పిస్తోలు ఎక్కడో పెట్టి మరిచిపోయాడు. తూర్పు గదిలో ఉంది. ఇది మొదటి మరుపు కాదు. నేనే కప్పిపుచ్చాను.”

కోయ్ కేకలు వెయ్యలేదు. పిల్లల గది తలుపు దగ్గర రెండో కాపలాదారుని నిలబెట్టి, “పిల్లల్ని లోపలే ఉంచు, ఇంకో రెండు పాటలు పాడించు,” అన్నాడు. తూర్పు గదిలోకి వచ్చి, “జోలీన్, బయటికి రావమ్మా,” అన్నాడు.

“అయ్యో, రొట్టె చల్లారిపోతుంది కోయ్!”

“చల్లటి రొట్టె తిని ఎవరూ చావలేదు. రా.”

ఆ గొంతు విని జోలీన్ రొట్టె అక్కడే వదిలి బయటికి వెళ్ళింది.

మా ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎక్కడ పెట్టారని కోయ్ అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని బూటు విప్పాడు, మేజోడు విప్పాడు.

“బ్రదర్ వెర్లన్, ఇవాళ కాపలా ఉన్నాను కదా, నా పాదాలు ఎవరూ కడగలేదు. మీరు కడగండి. పొద్దున ఎలా చేశారో అలాగే, మొదటినుంచీ. ఏమీ ఆలోచించకండి.”

మా ఆయన కోటు విప్పి కుర్చీ వెనక వేశాడు. సీసపు గుండు కొయ్యకి టక్కున తగిలింది. బుట్టలోంచి తువ్వాలు తీశాడు. చుట్టుకోబోతూ కుడిచెయ్యి తుంటి మీదికి వెళ్ళి, ఖాళీ బెల్టు దగ్గర ఒర విప్పుతున్నట్టు బొటనవేలు ఆడించింది. ఆ చెయ్యి అలాగే, ఏదో మోస్తున్నట్టు, పక్కకి వెళ్ళింది. ఒళ్ళంతా దాని వెంట తిరిగింది. రెండడుగులు వేశాడు. ఎడంచెయ్యి పియానో పీట మూత ఎత్తింది.

పాటల పుస్తకాల మీద, ఒరతో సహా, నల్లగా.

కిన్సీ కూర్చోవలసిన పీట. పుస్తకం కోసం ఎత్తవలసిన మూత.

కోయ్ ఒంటి కాలి బూటుతోనే కుంటుకుంటూ వచ్చి పిస్తోలు తీశాడు. గుళ్ళు తీసి జేబులో వేసుకున్నాడు, గొట్టం రెండుసార్లు చూశాడు. అప్పుడుగాని ఊపిరి వదల్లేదు. వెళ్ళి ఇనప్పెట్టెలో పెట్టి తిరిగొచ్చి, “బ్రదర్, ఆ పెట్టె నంబరు...” అని మొదలుపెట్టాడు.

“నాకు చెప్పకు,” అన్నాడు మా ఆయన. “ఇంకెప్పుడూ చెప్పకు, కోయ్. ఆ పిస్తోలు మా అల్లుడు వచ్చి పట్టుకెళ్తాడు.”

మా ఆయన తువ్వాలు బిగించి, కోయ్ ముందు మెల్లగా మోకాళ్ళూనాడు.

“ముందు నువ్వు కూర్చో, కోయ్. మొదలుపెట్టాక సగంలో లేవకూడదు.”

గిన్నెలో నీళ్ళు చల్లారిపోయాయి. కోయ్ పాదం అందులో పెట్టి “అబ్బా!” అన్నాడు. మా ఆయన నవ్వాడు. పిల్లల పాట అయ్యేదాకా ఆ ఇద్దరూ నా వైపు చూడలేదు, నేనూ వాళ్ళ వైపు చూడలేదు.

ఇంటికి వెళ్ళే దారంతా ఆయన నాతో మాట్లాడలేదు. సాయంత్రం కోటు తెచ్చి నా ఒళ్ళో వేశాడు. “గుండు తీసెయ్, లీటా. ఉత్త బరువు.” కుట్లు విప్పి ఇచ్చాను. ఆయన దాన్ని గాలాల పెట్టెలో వేసుకున్నాడు.

మరుసటి ఆదివారం ముందు తలుపు దగ్గర వచ్చినవాళ్ళందరికీ చెయ్యి కలిపే పని కోయ్ ఆయనకిచ్చాడు. పేరు గుర్తున్నా లేకున్నా అందర్నీ “సిస్టర్”, “బ్రదర్” అంటే సరిపోయింది. కొండ గాలికి కోటు కుడిపక్క రెపరెపా ఎగురుతోంది. ఎగిరినప్పుడల్లా ఆయన చెయ్యి తుంటి దగ్గరికి వెళ్ళి, తడుముకుని, మళ్ళీ ఎవరి చేతికో అందేది. నేను వెనక బల్ల మీద కూర్చుని ఆ చేతినే చూస్తూ ఉన్నాను.