మరుగుదొడ్లు అడిగిన సోదరి

అయితే ఆ నవ్విందెవరు? సంఘం సమావేశంలో అమ్మ లేచి నిలబడి, మార్కెట్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్లు కట్టించాలి అన్నప్పుడు వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ చెయ్యి వణికింది. చంకలో ఉన్న తన భుజానికి ఆ వణుకు తగిలింది. తనకి అరవై దాటినా అదంతా నిన్నటిలాగే ఉంది. ఈ మహిళా సంఘం చరిత్ర రాయడానికి ఆమె ఒప్పుకున్నదే ఆ ఒక్క పేరా కోసం. "నేను కళ్ళారా చూశాను" అని మొదలుపెట్టి, రాసి వారమైంది.

ఇప్పుడు ఎదురుగా పాత తీర్మానాల పుస్తకం. పేర్లు పడితే పోట్లాటలొస్తాయని సంఘంలో ఎవరి పేరూ రాసేవారు కాదు. వీధిదీపాలు అడిగిందీ "ఒక సోదరి", మరుగుదొడ్లు అడిగిందీ "ఒక సోదరి". ఆ మరుగుదొడ్ల పేజీ మీది తేదీ ఆమె పుట్టడానికి పదకొండు నెలల ముందుది. వేళ్ళు మడిచి మళ్ళీ చూసుకుంది. పదకొండే.

"ఏమే, అచ్చుకి కాగితాలిమ్మని ప్రెస్సతను గుమ్మంలో పాతుకుపోయాడు. అయిందా?" అంది కార్యదర్శి. చిన్నప్పటి స్నేహితురాలు.

"ఇది నేను పుట్టకముందు జరిగిందటే!"

"అయితే కడుపులోంచి చూశావా?"

"అప్పటికి కడుపులో కూడా లేనే!"

కార్యదర్శి పకపకా నవ్వి ఒక ఉత్తరం బల్లమీద పడేసింది. "చాల్లే సంబడం. కుట్టుపని చేసే ఆవిడ ఉండేదే, ఆవిడ కూతురు రాసింది. వాళ్ళమ్మే అడిగిందట. తను పక్కనే ఉందట."

"తనకంటే నేను ఆరేళ్ళు చిన్న."

"అదే మరి!"

చూడకపోతే ఆ వణుకెక్కడిది? జడ వేస్తూ అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. బహుశా చెప్పినప్పుడల్లా అమ్మ చెయ్యి వణికిందేమో. లేక ఎవరి ధైర్యాన్నో చూసి వచ్చి, ఏళ్ళు గడిచేకొద్దీ అది తనదే అనుకుందా? ఛ, అమ్మనా అనుమానించేది! మరి అమ్మని నమ్మితే ఆ కుట్టుపనావిడ కూతుర్ని అబద్ధాలకోరు అనాలా? తన జ్ఞాపకమే తనని ఇంత నమ్మకంగా మోసం చేశాక, ఇంకొకరిని ఏ మొహం పెట్టుకుని అనడం?

"ఏదో ఒకటి తేల్చవే తల్లీ" అంది కార్యదర్శి.

ఏదీ తేలలేదు. ఆమె ఆ పేరాలో "నేను కళ్ళారా చూశాను" కొట్టేసి, పైన "అమ్మ చెప్పేది" అని రాసింది. తర్వాత ఆ ఉత్తరాన్ని అదే కాగితానికి గుండుసూదితో గుచ్చి, "రెండూ వెయ్యమను" అంటూ అందించింది.