అమ్మ వత్తని పాస్తా

ఆ హోటల్లోకి మేము ఎప్పుడూ వెనక తలుపు నుంచే వెళ్లేవాళ్లం. అమ్మ పదకొండేళ్లుగా అక్కడ మైదాలో గుడ్లు కలిపి, కర్రతో పల్చగా వత్తి, పట్టీలుగా కోసి పాస్తా చేసేది. ఏ రోజుది ఆ రోజే. పేటలో అందరూ దానికోసమే వచ్చేవారు. మూడు నెలల కిందట మెట్ల మీద జారి అమ్మ కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పారు గానీ చేతికి పట్టు రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం హోటలు యజమాని మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. మొదటిసారి ముందు తలుపు నుంచి వెళ్లాం. అమ్మ కుర్చీ అంచున కూర్చుంది.

"ఏం మాటలమ్మా, బాగున్నావా?" అన్నాడు పెద్దాయన నాతో. నేను నోరు విప్పనని ఆయన పెట్టిన పేరు అది. తల ఊపాను.

ఆయన అమ్మవైపు తిరిగాడు. "నీ చోట్లో ఒకావిడని పెట్టి చూస్తున్నాను చెల్లెమ్మా. తిని చెప్పు. పనికిరాదంటే పంపించేస్తాను, నీకోసం ఆగుతాను. బాగుందంటే మాత్రం..."

"తెలిసిందిలే అన్నా" అంది అమ్మ.

రెండు పళ్లేలు వచ్చాయి, పక్కన రొట్టె ముక్కలు. పాస్తా మీద వెన్న, మిరియాలు, అంతే. అమ్మ ఎడమచేత్తో ఒక పట్టీని ఫోర్కుతో ఎత్తి కిటికీవైపు పట్టి చూసింది. వత్తుడు సరిగా ఉంటే వెలుతురు అంతటా ఒకేలా పడుతుందట. తర్వాత నెమ్మదిగా నమిలింది. 'బాగాలేదను, అనమ్మా' అని లోపల బతిమాలుకుంటున్నాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, బతిమాలుకుంటూనే తింటున్నాను.

తలెత్తేసరికి పెద్దాయన నా పళ్లెం చూస్తున్నాడు. అడుగున వెన్న కూడా రొట్టెతో తుడిచేశాను. పళ్లెంలో ఏదీ వదలకూడదని నాకు నేర్పింది అమ్మే.

"మాటలమ్మ చెప్పేసిందిగా" అన్నాడాయన. నవ్వలేదు.

"కాదండీ! ఆకలేసి తిన్నాను. అమ్మ చేసిందే బాగుంటుంది!"

పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

"ఊరుకోవే" అంటూ అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "చిన్నపిల్ల మీదకి నెట్టడం ఎందుకన్నా, నేనే చెబుతా. బాగుంది. అంచులే కాస్త మందం. వత్తే ముందు పిండిని ఇంకో పావుగంట గుడ్డ కింద ఉంచమను. కొత్త కదా, తొందరపడుతోంది."

పెద్దాయన కాసేపు బల్ల మీది గుడ్డ ముడతలు సవరించాడు. "ఆవిణ్ని పిలవనా?"

"వద్దు. చేతికి పిండి ఉంటుంది, పని చేసుకోనీ."

అమ్మ తన పళ్లెం ఖాళీ అయ్యేదాకా తింది. ఎడమచేత్తో కాబట్టి చాలాసేపు పట్టింది. నేను ఆమె ముఖం చూడలేక ఫోర్కుకేసి చూస్తూ కూర్చున్నాను.

లేచేటప్పుడు పెద్దాయన అన్నాడు. "లోపల నీ ఏప్రన్ అలాగే కొక్కేనికి ఉంది. తెప్పిస్తానుండు."

"ఉండనీ అన్నా, ఆవిడ కట్టుకుంటుంది" అంది అమ్మ. "ఒకవైపు నాడా తెగింది. కుట్టుకోమను."