ఎర్రబడ్డ గడప

శుక్రవారం పొద్దుగాల గడపకు పసుపు రాయంది ముత్యమ్మ ఇంట్ల పొయ్యి రాజదు. అత్త నేర్పిన పద్ధతి, నలభై ఏండ్ల సంది తప్పలేదు. పందొమ్మిది వందల తొంభై నాలుగుల, శ్రావణంల కూడ గట్లనే గిన్నెల పసుపేసుకొని, వాకిట్ల బోరింగు కొట్టి నీళ్లు పోసింది. వేలితోని కలుపుతుంటే పసుపు ఎర్రబడ్డది. పెండ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి లెక్క, గంత ఎరుపు!

పసుపుల సున్నం పడితే ఎర్రగైతదని ముత్యమ్మకు తెల్వదా? ఎన్ని పెండ్లిండ్లకు పారాణి కలిపిన చెయ్యి అది! కానీ ఈ గిన్నెల సున్నం వెయ్యలేదు. వెయ్యకుంటనే ఎర్రగైందంటే మరి ఎవరు చేసినట్టు? "పోచమ్మ తల్లి నీళ్లల్లకు దిగిందే!" అని వాడంత వినపడేటట్టు మొత్తుకున్నది.

అంతే. మూడు వారాలల్ల బోరింగు చుట్టు గద్దె లేచింది. ముత్యమ్మ మరిది ఐలన్న పెద్దమనిషై నిలబడి కొబ్బరికాయలు కొట్టిపిస్తున్నడు. ఊరికి మీద మిట్ట చెల్కల కొత్తగ పడ్డ మందుల కంపెనీ మేనేజరు, అడగకముందే నీడకు రేకులు పంపిండు. అప్పటిదాక బోళ్లు తోమను, బర్లకు పొయ్యను వాడిన నీళ్లు ఇప్పుడు తీర్థమైనయి. హత్నూర దిక్కు నుంచి ఆటోలల్ల వచ్చి సీసాలు నింపుకపోతున్నరు. "తల్లి ఏమంటున్నదమ్మా?" అని ఆడోళ్లు ముత్యమ్మనే అడుగుతున్నరు. నిజం చెప్పాలంటే ఆమెకు బాగనే ఉన్నది. తీర్థం తాగుడు మొదలుపెట్టిన కాడికెల్లి నాలుక మండుతున్నది, చిగుళ్లు పొక్కినయి; ఆ సంగతి మాత్రం ఎవ్వరికి చెప్పలేదు. తల్లికి నీ మీదనే కోపమొచ్చిందా అంటరని నోరు మూసుకున్నది.

పుట్టింటికి పోయిన కోడలు కౌసల్య ఆరో నెల కడుపుతోని గురువారం తిరిగొచ్చింది. రేపటి మొదటి తీర్థం ఆమెకే, కాన్పు సుఖంగ కావాలని అందరి ముందట తాగిపిస్తనని ఐలన్న ఊరంత చెప్పిండు.

ఆ సాయంత్రమే వెనుక అర్రల కిరాయికుండే హైమావతి టీచరు వచ్చింది. కోస్తా మనిషి. భర్తకు సర్కారు ఫ్యాక్టరీల నౌకరి, ఆమె బడిల సైన్సు చెప్తది.

"పిన్నిగారూ, కౌసల్యకి ఆ నీళ్లు ఇవ్వకండి."

"ఏంది టీచరమ్మా, దేవుళ్లతోని పరాచికమా?"

"దేవుళ్లతో కాదండీ. ముందు ఒక నిమ్మకాయ ఇవ్వండి."

టీచరమ్మ గిన్నెల పసుపు, బోరింగు నీళ్లు కలిపి, ఎర్రబడ్డ దాంట్ల నాలుగు చుక్కలు పిండింది. ఎరుపు పోయింది, పచ్చటి పసుపు తేలింది. ముత్యమ్మ గిన్నెను దగ్గరికి గుంజుకొని చూసింది.

"నీళ్లలో పులుపు ఎంత, సున్నపు గుణం ఎంత అని చెప్పే కొలత ఒకటుందండీ. పీహెచ్ అంటారు. సున్నా నుంచి పద్నాలుగు దాకా. మంచినీళ్లు ఏడు దగ్గర్లో ఉంటాయి. కిందకి దిగితే నిమ్మరసంలా ఆమ్లం, పైకెళితే సున్నంలా క్షారం. మీ పసుపు ఎర్రబడిందంటే క్షారం బాగా ఎక్కువైందన్నమాట."

"మా బోరింగుల సున్నం ఎవడు పోసిండమ్మా?"

"పైన కంపెనీ గుంట చూశారుగా? కాస్టిక్ సోడాతో కడిగిన మురుగంతా అందులోకే. అది మట్టిలో ఇంకి కింది నీళ్లలో కలుస్తుంది. భూగర్భ జలం అంటే కుండలో నీళ్లనుకున్నారా కదలకుండా ఉండటానికి? నేల కింద మెల్లగా పల్లానికి నడుస్తూనే ఉంటుంది."

ముత్యమ్మ నిమ్మచెక్క దిక్కు ఆశగ చూసింది. "అయితే జెరంత పిండుకొని తాగితే సరిపాయె!"

"పప్పులో కారం ఎక్కువైందని చింతపండు పోస్తే కారం పోతుందా పిన్నిగారూ? క్షారం విరుగుతుంది, అంతే. నీళ్లలో కరిగిపోయిన మందులు అలాగే ఉంటాయి. బట్టలో వడకట్టినా రావు, కాచినా పోవు."

ఆ రాత్రి ముత్యమ్మ లెక్కలేసుకున్నది. కోడలికి జరమొచ్చిందని చెప్పి తప్పియ్యొచ్చు. మరి వాడల పోరగాండ్లు? తల్లి దిగిందన్న నోరు తనదే. కాదనవలసింది గూడ గా నోరే.

తెల్లారి గద్దె కాడ జనం ముందట, దిగింది తల్లి కాదు, కంపెనీ మురుగని చెప్పింది. ఐలన్న నడుము మీద చేతులు పెట్టుకున్నడు.

"మొన్న వచ్చిందంటివి, ఇయ్యాల లేదంటివి. నడుమల తల్లి పటాన్‌చెరు బస్సెక్కి పోయిందా వదినా?"

అందరు నవ్విన్రు. ముత్యమ్మ అందరు చూస్తుండంగ పసుపు కలిపింది, నిమ్మకాయ పిండింది. ఎరుపు పచ్చబడ్డది. ఇంతల ఒక ముసలామె చేతులెత్తి మొక్కింది: "శాంతించింది! తల్లి శాంతించింది!"

డప్పులు లేచినయి. వాటి కింద ముత్యమ్మ మాట వినపడలేదు. ఏ మాటన్నా ఆ గద్దెకే ఇంకో రాయి అయితున్నది. ఐలన్న గ్లాసు నింపి కౌసల్య చేతిల పెట్టిండు. కౌసల్య అత్త దిక్కు చూసుకుంట గ్లాసు ఎత్తింది.

ముత్యమ్మ ఉరికి గ్లాసు మీద అరచెయ్యి మూసింది. జనం దిక్కు తిరిగి నోరు తెరిచింది. నాలుక పచ్చిపుండు, చిగుళ్లు తెల్లగ పొక్కులు.

"సూడుండ్రి! మూడు వారాల సంది తాగుతున్న. మీరు నవ్వుతరని దాసిన. పోచమ్మ మన తల్లి అయితే, తల్లి పాలకు పిల్లల నోరు పుండయితదా?"

డప్పు ఆగింది. వెనుక నుంచి ఒక ఆమె మెల్లగ, "నాకు గూడ మండుతున్నదక్కా" అన్నది. ఇంకొకామె పక్కనున్న బిడ్డ దవడ పట్టి నోరు తెరిపించి చూసింది. కౌసల్య గ్లాసు కింద పెట్టింది. ఐలన్న దాని దిక్కు చూసిండే గాని, వంగి తీసుకోలేదు.

ఇగ తాగను ఊరి కింద ఉన్న చేదబావి ఒక్కటే మిగిలింది. బిందె నెత్తిన పెట్టుకొని ఆ దిగుడు దారిల పోతుంటే ముత్యమ్మకు టీచరమ్మ మాట యాదికొచ్చింది. పల్లానికి నడుస్తూనే ఉంటుందట. మీద కంపెనీ, నడుమ బోరింగు, కింద బావి. ఎన్నొద్దులకు చేరుతదని అడిగితే, టీచరమ్మకు గూడ తెల్వదు. ఊరిడిసి పోదామంటే పోను ఇంకో జాగ లేదు.

శుక్రవారం వస్తే ముత్యమ్మ గిన్నెల పసుపేసి, ఇప్పుడు చేదబావి నీళ్లు పోస్తది. వేలు పెట్టి కలిపేటప్పుడు కండ్లు మూసుకుంటది.